ఓడినవారికిని చోటు

ఆటలు మానవునకు సహజములు. మాటలు నేర్వని శిశువు సయితము ఆట నేర్చును. ఇద్దరు కూడినచో ఆట పుట్టును. ఇరువదిమంది కూడినచో పోటీ పుట్టును. ఇద్దరాడు ఆటకు నియమములు చాలును. ఇరువదిమంది ఆడు పోటీకి నియమములు మాత్రమే చాలవు. ఆ నియమములను ఎల్లరియెడ సమానముగా నడుపుటకు, తాను ఆడక ఇతరులను ఆడించువాడు ఒకడు కావలెను. అతడే నిర్వాహకుడు. గెలిచినవాని పేరు పదిమందికి తెలియును. బల్లలు పరచి, జతలు కూర్చి, తగవులు తీర్చి, తుదకు నేల ఊడ్చి తలుపు మూయు నిర్వాహకుని పేరు అడుగువారు అరుదు. అమెరికా సంయుక్త రాష్ట్రములందలి చిన్న చిన్న అంగళ్లలో వారము వారము జరుగు కార్డుల పోటీలను పరిశీలించినచో, ఈ నిర్వాహకుని పని ఎంత ఓర్పుతోను, ఎంత ధర్మదృష్టితోను కూడినదో బోధపడును.

కార్డులతో ఆడుట మనకు క్రొత్త కాదు. మన దేశమున మొగలాయీల కాలమునుండి గంజిఫా అను ఆట కలదు. దాని ముక్కలు గుండ్రముగా నుండును. దశావతార గంజిఫాలో అవతారమునకు 12 చొప్పున 120 ముక్కలు ఉండును. తెలంగాణములోని నిర్మల్ చిత్రకారులును ఇట్టి ముక్కలను చిత్రించిరి. గంజిఫాలో గాని, నేటి పేకలో గాని కట్ట యొకటియే. అది ఆడువారందరి ఉమ్మడి సొత్తు. పంచునపుడు ఒకనికి మంచి ముక్కలు, మరియొకనికి చెడ్డ ముక్కలు రావచ్చును. కాని కట్ట మాత్రము ఎవ్వరిదియు కాదు.

1993వ సంవత్సరము ఆగస్టు నెలలో అమెరికాయందు వేరొక తీరు కార్డుల ఆట వెలసెను. దాని పేరు 'మ్యాజిక్: ద గ్యాదరింగ్'. దానిని కల్పించినవాడు రిచర్డ్ గార్‌ఫీల్డ్ అను గణితశాస్త్రజ్ఞుడు. వాషింగ్టన్ రాష్ట్రమున పీటర్ ఆడ్కిసన్ అనునతడు 1990లో 'విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్' అను చిన్న సంస్థను నెలకొల్పెను. 1991లో గార్‌ఫీల్డ్ తాను కల్పించిన బల్లమీది ఆట నొకదానిని అతనికి చూపెను. దానిని తయారు చేయుటకు చాల వ్యయమగును. ఆ సంస్థకు అంతటి శక్తి లేకుండెను. అందుచే ఆడ్కిసన్ తక్కువ వ్యయముతో అచ్చు వేయదగినదియు, సంచిలో వేసికొని పోదగినదియు, కొలది సేపటిలో ముగియునదియు అగు ఆటను కల్పింపుమని కోరెను. ఆ కోరికకు ఫలముగా ఈ ఆట పుట్టెను. పేదరికము కొన్ని వేళల నూతన కల్పనలకు తల్లి యగుచుండును.

ఈ ఆటలో ప్రతివాడును తన కట్టను తానే కూర్చుకొని తెచ్చుకొనును. ప్రతి కార్డు మీదను ఒక బొమ్మయు, దాని క్రింద ఆ కార్డునకు సంబంధించిన నియమమును అచ్చు వేయబడి యుండును. ఆడువారు తమ్ము మాంత్రికులుగా భావించుకొందురు. ఆరంభమున ఒక్కొక్కరికి 20 ప్రాణపు లెక్కలు ఉండును. తన కార్డుల బలముచే ఎదిరివాని లెక్కను సున్నకు దించినవాడు గెలుచును. కార్డులు మూసిన పొట్లములలో అమ్మబడును. విప్పినగాని లోపల నున్నవి తెలియవు. ఒకనికి ఒకే కార్డు రెండు మూడు వచ్చినచో వానిని మిత్రులతో మార్చుకొనును. కావుననే ఇట్టివానికి మార్పిడి కార్డుల ఆటలని పేరు వచ్చినది. 1996లో జపానున వెలువడిన 'పోకెమాన్' కార్డులును, 1999లో వెలువడిన 'యూ-గి-ఓ' కార్డులును ఈ జాతికి చెందినవే. ఇప్పటికి మ్యాజిక్ ఆటకు అచ్చైన వేరు వేరు కార్డులు 20 వేలకు మించినవి.

కట్ట ఎవరిది వారిదే యగుటవలన ఆటకు వైవిధ్యము కలిగినది. కాని దానితో రెండు చిక్కులును కలిగినవి.

మొదటిది పణము. తొలి నియమముల ప్రకారము ఆట ఆరంభించునపుడు ఇరువురును తమ కట్టనుండి ఒక్కొక్క కార్డును తీసి ప్రక్కన ఉంచవలెను. ఆట ముగిసిన పిమ్మట ఆ రెండును గెలిచినవానివి అగును. ఇది వినుటకు చిన్న విషయమే. కాని ధర్మరాజు మొదట ఒడ్డినదియు రాజ్యము కాదు. ఒడ్డుట యనునది ఒక్కసారి ఆటలో ప్రవేశించినచో ఆట వెనుకబడి ఆశ ముందునకు వచ్చును. ఆడువారిలో పెక్కురు ఈ నియమమును మెచ్చలేదు. క్రమముగా అది తొలగిపోయెను. నేడు అధికారికముగా జరుగు పోటీలలో కార్డులను పణముగా ఒడ్డరాదు. పణమునకు సంబంధించిన పాత కార్డులను కట్టలో చేర్చుటయు నిషిద్ధము.

రెండవది ధనము. కొన్ని కార్డులు అరుదుగా అచ్చైనవి. వాని వెల ఊహకు అందదు. ఆట పుట్టిన ఏడాది అచ్చైన 'బ్లాక్ లోటస్', అనగా నల్ల కమలము, అను కార్డు ఒకటి 2021 జనవరిలో వేలమున 5 లక్షల డాలర్లకు పైగా పలికెను. సామాన్యముగా ఆడు కార్డుల వెల అందులో వేయవ వంతైనను ఉండదు. ఐనను తండ్రి ఇచ్చిన చిల్లరతో పొట్లము కొను బాలునకును, నెల జీతముతో కోరినదెల్ల కొనగల యువకునకును నడుమ అంతరము ఉండకపోదు. ఈ అంతరమును బల్లమీద ఎట్లు తగ్గించుట? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాడు నిర్వాహకుడే.

ఈ పోటీలు జరుగు చోటు హాబీ షాపు. బొమ్మ రైళ్లు, విమానముల నమూనాలు, రంగులు, చదరంగపు బల్లలు, కార్డుల పొట్లములు మొదలగు తీరిక వేళల వినోద సామగ్రిని అమ్ము అంగడికి ఆ దేశమున ఆ పేరు వాడుక. చాలవరకు ఇవి ఒక కుటుంబము నడుపుకొను చిన్న అంగళ్లు. ముందు భాగమున సరకు ఉండును. వెనుక భాగమున నాలుగైదు పొడవు బల్లలు, మడత కుర్చీలు ఉండును. 2000వ సంవత్సరమునుండి ఆ సంస్థ 'ఫ్రైడే నైట్ మ్యాజిక్' అను పేరుతో శుక్రవారపు సాయంకాల పోటీలను ఏర్పాటు చేసినది. బడి, కచేరి, కార్ఖానా ముగించుకొని, వేరు వేరు వయస్సులవారు, వేరు వేరు వృత్తులవారు ఆ బల్లల చుట్టును చేరుదురు. పండ్రెండేండ్ల బాలుడు ముప్పదియేండ్ల ఉద్యోగికి ఎదురుగా కూర్చుండును. ఊరికి క్రొత్తగా వచ్చి మాటాడుటకు ఒక్కరును లేనివాడు అచట మొదటిసారిగా ఒకని పేరు తెలిసికొనును. అంగడివానికి అది వ్యాపారమే. కాని వచ్చినవారికి అది ఒక రచ్చబండ.

నిర్వాహకుని పని శుక్రవారము సాయంకాలము ఆరంభము కాదు. కొలది దినముల ముందుగనే అతడు పోటీ ఏ దినమున, ఏ వేళకు, ఏ పద్ధతిలో, ఎంత రుసుముతో, ఏ బహుమానములతో జరుగునో వ్రాసి తలుపు మీద అంటించును. ముందు చెప్పిన బహుమానమును తరువాత తగ్గించుట మాట తప్పుటయే. పోటీ దినమున బల్లలకు వరుసగా అంకెలు అంటించును. ఇరుప్రక్కలవారి మోచేతులు తగులకుండునట్లు కుర్చీల నడుమ ఎడము విడుచును. అందరికి కనబడు చోట గడియారము ఉంచును. ఫలితములు వ్రాయుటకు చీటీలు, పెన్సిళ్లు సిద్ధపరచును. క్రొత్తవారికి అరువిచ్చుటకు రెండు మూడు కట్టలు ప్రత్యేకముగా కూర్చి దాచి యుంచును. కట్ట లేదను కారణమున ఏ బాలుడును గుమ్మమునుండి వెనుదిరిగి పోరాదని అతని కోరిక.

వేళ కాగానే పేర్లు వ్రాసికొనును. ఒక్కొక్క విడతకు 50 నిమిషములు గడువు. ఆ గడువులో ఇద్దరును మూడు ఆటల వరకు ఆడుదురు. రెండు గెలిచినవానిదే ఆ విడత. మూడు విడతలు జరిగినచో 150 నిమిషములగును. కావున ఆరు గంటలకని ప్రకటించి ఏడు గంటలకు మొదలిడినచో చిన్నవారు ఇల్లు చేరుటకు చాల ప్రొద్దుపోవును. వేళ పాటించుట ఇచట మర్యాద మాత్రమే కాదు. బాలుర తల్లిదండ్రులకు చూపు గౌరవము.

ఇక ధనమువలని అంతరము. ఎవరి కట్ట వారు తెచ్చుకొను పోటీలలో కట్టయందు కనీసము 60 కార్డులు ఉండవలెను. సామాన్యముగా అందరి యొద్దను ఉండు నేల కార్డులు తప్ప, ఏ కార్డైనను నాలుగింటికి మించి చేర్చరాదు. ఎంత ధనికుడైనను ఒక గొప్ప కార్డుతోనే కట్టనంతను నింపజాలడని దీని భావము. ఇంతకంటెను సమానమైనది 'డ్రాఫ్టు' అను పద్ధతి. దీనికి ఎనమండుగురు ఒక బల్ల చుట్టును కూర్చుందురు. ఇంటినుండి ఎవ్వరును కార్డులు తేరాదు. రుసుము చెల్లించిన ప్రతివానికిని మూడు మూసిన పొట్లములు ఇత్తురు. అందరును ఒక్కసారిగా మొదటి పొట్లము విప్పి, అందులో తమకు నచ్చిన ఒక్క కార్డును తీసికొని, తక్కినవానిని ఎడమ ప్రక్కవానికి అందింతురు. కుడి ప్రక్కనుండి వచ్చినవానిలో మరల ఒకటి తీసికొని, మిగిలినవి అందింతురు. అన్నియు అయిపోవువరకు ఇట్లే జరుగును. రెండవ పొట్లము కుడి ప్రక్కకును, మూడవది తిరిగి ఎడమ ప్రక్కకును సాగును. ఇట్లు ఏరుకొన్న కార్డులకు అంగడివాడు ఇచ్చు నేల కార్డులను చేర్చి ప్రతివాడును కనీసము 40 కార్డుల కట్ట కూర్చుకొనును. ఇచట సంచిలోని డబ్బు పనికిరాదు. బుద్ధి, జ్ఞాపకము, ఎదిరివాని ఆలోచనను పసిగట్టు నేర్పు మాత్రమే పనికివచ్చును. అందుచే తెలిసిన నిర్వాహకులు నెలలో కొన్ని శుక్రవారములను ఈ పద్ధతికి ప్రత్యేకింతురు.

జతలు కూర్చుట నిర్వాహకుని పనులలో ముఖ్యమైనది. మనకు తెలిసిన ఆటల పోటీలలో నాకౌట్ పద్ధతి వాడుక. అందు ఓడినవాడు వెంటనే తొలగిపోవును. ఎనమండుగురు ఆడినచో మొదటి విడతలో నలుగురు, రెండవ విడతలో ఇద్దరు, మూడవ విడతలో ఒకడు పోగా విజేత మిగులును. ఈ పద్ధతిలో తేలికగా లెక్క తేలును. కాని మూడు మైళ్లు నడచి, రుసుము చెల్లించి వచ్చిన బాలుడు మొదటి విడతలో ఓడినచో, అతని సాయంకాలము అంతటితో ముగిసినట్లే. నేర్చుకొనవలసిన అవసరము ఎక్కువగా ఉన్నవానికే ఆడు అవకాశము తక్కువగా లభించును. ఇది విజేతను వెదకుటకు మంచి సాధనమే. మనుష్యులను కూర్చుటకు కాదు.

కార్డుల పోటీలలో అనుసరించునది స్విస్ పద్ధతి. 1895లో స్విట్జర్లాండు దేశపు జూరిచ్ నగరమున జరిగిన చదరంగపు పోటీలో దీనిని మొట్టమొదట ఉపయోగించిరి. అందుచే దానికి ఆ పేరు. ఈ పద్ధతిలో ఎవ్వరును తొలగిపోరు. మొదటి విడతకు చీట్లు వేసి జతలు కూర్తురు. రెండవ విడతలో గెలిచినవారు గెలిచినవారితోను, ఓడినవారు ఓడినవారితోను ఆడుదురు. ఆపైని విడతలలోను సమానమైన పాయింట్లు గలవారికే జత కట్టుదురు. ఒకసారి ఆడినవారికి మరల జత కట్టరు. గెలుపునకు 3 పాయింట్లు. సరిసమానముగా ముగిసినచో ఒక్కొక్కరికి 1 పాయింటు. ఓటమికి ఏమియు లేదు.

ఎనమండుగురు మూడు విడతలు ఆడినారనుకొందము. ఏ విడతయు సమానముగా ముగియలేదనుకొందము. అప్పుడు మూడును గెలిచినవాడు ఒకడు. రెండు గెలిచినవారు ముగ్గురు. ఒకటి గెలిచినవారు ముగ్గురు. ఒకటియు గెలువనివాడు ఒకడు. పదునార్గురు నాలుగు విడతలు ఆడినచో ఈ లెక్క 1, 4, 6, 4, 1 అగును. ఛందశ్శాస్త్రమున గురులఘువుల లెక్కకై మన పూర్వులు చెప్పిన మేరుప్రస్తారములోని వరుసలు ఇవియే. గురువు, లఘువు అను రెంటిలో ఏదో యొకటి వచ్చునట్లే ఇచట గెలుపు, ఓటమి అను రెంటిలో ఒకటి వచ్చును. కావున రెండు లెక్కలును ఒక్కటే యగుటలో వింత లేదు.

ఈ అంకెలలో ఒక నీతి యిమిడియున్నది. నాకౌట్ పద్ధతిలో ఎనమండుగురు కలిసి ఆడునవి ఏడు పోరులు మాత్రమే. స్విస్ పద్ధతిలో ఆడునవి పండ్రెండు. విజేత రెంటను ఒకడే. కాని రెండవ పద్ధతిలో ఎనమండుగురిలో ఏడుగురు కనీసము ఒక గెలుపుతో ఇంటికి పోవుదురు. రెండుసార్లు ఓడినవానికి మూడవసారి తనవంటివాడే ఎదురగును. అందుచే అతనికి అవమానము లేదు, ఆశ మిగులును. వచ్చు శుక్రవారము అతడు మరల వచ్చును.

పాయింట్లు సమానమైనచో ముందెవరు, వెనుకెవరు? ఇచట పాటించు నియమము ఆలోచింపదగినది. ఒక్కొక్కని ప్రత్యర్థులు తమ ఆటలలో ఎంత బాగుగా రాణించిరో లెక్కింతురు. ఎవని ప్రత్యర్థులు ఎక్కువ గెలిచిరో అతడు ముందుండును. ఉదాహరణకు, ఇద్దరు చెరి రెండు విడతలు గెలిచిరి. మొదటివాని ప్రత్యర్థులు ముగ్గురును కలిసి ఆడిన 9 విడతలలో 6 గెలిచిరి. రెండవవాని ప్రత్యర్థులు 9లో 4 మాత్రమే గెలిచిరి. మొదటివాడు బలవంతులతో ఆడి రెండు గెలిచినాడు కనుక అతనిదే పై స్థానము. ఈ నియమము తెలిసినవాడు తనను ఓడించినవానిపై కోపగింపడు. తరువాతి విడతలలో అతడు గెలువవలెనని కోరును. ఏలన, తనను గెలిచినవాడు గెలిచిన కొలదియు తన ఓటమికి విలువ పెరుగును.

వచ్చినవారి సంఖ్య బేసి యైనచో ఒకనికి జత దొరకదు. అతనికి ఆ విడతలో ఆడకయే గెలుపు పాయింట్లు ఇత్తురు. దీనిని 'బై' అందురు. మొదటి విడతలో ఇది చీట్లవలన వచ్చును. పిమ్మట పాయింట్లు తక్కువగా నున్నవానికి వచ్చును. ఒక్కనికే రెండుసార్లు ఇయ్యరు. ఆడుటకే వచ్చినవానికి ఆడక గెలుచుట సంతోషము కాదు. కావున ఆ యేబది నిమిషములును అతడు ఒంటరిగా కూర్చుండకుండ, అరువు కట్టతో అతనితో సరదాగా ఆడుటకు ఎవరినైన పురికొల్పు నిర్వాహకులు కలరు. నియమములు పాయింట్లను మాత్రమే ఇచ్చును. మన్నన మనుష్యుడు ఇయ్యవలసినది.

ఆట సాగునపుడు తగవులు రాకుండునా? వచ్చును. అప్పుడు ఆడువారు చేయి పైకెత్తి తీర్పరిని పిలువవలెను. చిన్న అంగళ్లలో నిర్వాహకుడే తీర్పరి. అతడు వచ్చి, ఇరువురి మాటలను వేరు వేరుగా విని, కార్డు మీది అక్షరములను చదివి, తీర్పు చెప్పును. ఇట్టి పోటీలకు ఏర్పరచిన నియమములలో ఒక గొప్ప వివేకము కలదు. అది తెలియక చేసిన తప్పును, తెలిసి చేసిన తప్పును వేరు చేయుట.

ఒక సందర్భమును ఊహింతము. క్రొత్తగా నేర్చిన బాలుడు తన వంతున ఒక కార్డు తీయుటకు బదులు రెండు తీసెను. ఎదిరివాడు చేయి యెత్తి, "అయ్యా, ఇతడు నియమము తప్పెను. నేను గెలిచినట్లు వ్రాయుడు" అనెను. బాలుని మొగము చిన్నబోయెను. తీర్పరి బాలుని ప్రశ్నించెను. అతడు తొందరలో పొరబడెనని తెలిసెను. అప్పుడు తీర్పరి బాలుని చేతిలోని కార్డులలో ఒకదానిని చూడకుండ తీసి కట్టమీద ఉంచి, "తప్పు సరిదిద్దబడినది. ఆట సాగింపుడు" అనెను. పిమ్మట బాలునితో, "వంతు మొదట ఒక్కటే తీయవలెను. సందేహము కలిగినచో ముందుగా నన్ను పిలువుము" అని చెప్పెను. దండన లేదు, బోధన కలదు. ఎదిరివానికి నష్టము లేదు. బాలునకు సిగ్గు లేదు. ఇట్టి తీర్పు చెప్పుట సులభముగా తోచును. కాని వెనుక ఆరు బల్లలవారు ఎదురు చూచుచుండగా, గడియారము నడచుచుండగా, ఓర్పుతో రెండు వైపుల మాటలు వినుట సులభము కాదు.

తెలిసి చేసిన తప్పు వేరు. కార్డును దాచుట, గడువు ముగియవలెనని కావలెనని జాగుచేయుట, ఎదిరివానిని బెదరించుట, గెలుపును కొనుట, అబద్ధమాడి తీర్పరిని మోసగించుట మొదలగువానికి క్షమ లేదు. అట్టివానిని పోటీనుండి తొలగింతురు.

మరియొక సందర్భమును ఊహింతము. చివరి విడత. బల్లకు ఇరువైపుల ఇద్దరు కూర్చుండియున్నారు. ఒకడు గెలిచినచో మొదటి బహుమానము అతనికి దక్కును. రెండవవానికి గెలిచినను పెద్ద లాభము లేదు. మొదటివాడు మెల్లగా, "నీవు ఓడితినని ఒప్పుకొనుము. నాకు వచ్చు పొట్లములలో సగము నీకిత్తును" అనెను. ప్రక్క బల్లపై నున్న బాలుడు ఈ మాట వినెను. తీర్పరియు వినెను. ఓటమిని తనంతట తాను ఒప్పుకొనుట నియమ విరుద్ధము కాదు; ఓటమిని అమ్ముట విరుద్ధము. నాణెమెగురవేసి గెలుపు తేల్చుకొనుటయు అట్టిదే. ఏలన, వారిద్దరును ఇష్టపడి చేసికొన్న బేరమువలన నష్టపోవువాడు వారిలో ఎవడును కాడు; నాలుగు గంటలు న్యాయముగా ఆడి రెండవ స్థానమున నిలిచిన మూడవవాడు.

ఇపుడు నిర్వాహకుని స్థితిని గమనింపవలెను. బేరము పలికినవాడు ఆ అంగడిలో నెలనెల అందరికంటె ఎక్కువ సొమ్ము వెచ్చించువాడు. అతనిని తొలగించినచో అతడు అలిగి వేరొక అంగడికి పోవచ్చును. చిన్న అంగడికి అట్టివాడు ఒక్కడు పోయినను అద్దె చెల్లింపు కష్టమగును. విననట్లు నటించినచో ఎవ్వరును అడుగరు. కాని ఆ బాలుడు విన్నాడు. బల్లమీద నేర్పు ఒక్కటే చెల్లునని ఇంతవరకు అతడు నమ్మియున్నాడు. నిర్వాహకుడు మౌనము వహించినచో, బేరమును చెల్లునని ఆ క్షణమున అతడు నేర్చుకొనును. అట్లు నేర్చిన పాఠమును మాన్పుట ఎవ్వరి తరము కాదు.

తగిన నిర్వాహకుడు ఇట్టి చోట గొంతు పెంచడు, పదిమందిలో అవమానింపడు. అతనిని ప్రక్కకు పిలిచి, నియమమును చెప్పి, పోటీనుండి తొలగించును. ఫలితమును వ్రాయును. తక్కినవారికి బహుమానములు న్యాయముగా పంచును. ఆ శుక్రవారము అతనికి నష్టము కలిగియుండవచ్చును. కాని ఇరువదిమంది విశ్వాసము ఒక్కని సొమ్ముకంటె విలువైనది. విశ్వాసము పోయిన చోట ఉచితముగా కుర్చీ వేసినను కూర్చుండువారు ఉండరు.

బహుమానములు పంచుటయందును ఆలోచన కావలెను. అన్నియు విజేతకే ఇచ్చినచో పోటీ మహోన్నతముగా కనబడును. కాని తక్కినవారు కేవలము రుసుము చెల్లించువారుగా మిగులుదురు. కావున పెక్కు అంగళ్లలో ప్రతి గెలుపునకు కొంత చొప్పున పొట్లములు పంచుదురు. కొందరు వచ్చినవారందరి పేర్లు చీట్లపై వ్రాసి, ఒకటి తీసి, ఆ పేరు గలవానికి ఒక ప్రత్యేక కార్డును ఇత్తురు. గెలువనివానికిని ఒక్కొక్కనాడు చప్పట్లు మ్రోగును.

2020 మార్చిలో కోవిడ్ వ్యాధి ప్రబలినపుడు అంగళ్లలోని ఈ పోటీలు నిలిపివేయబడెను. ఆటను కంప్యూటరు మీద ఆడు వీలు అప్పటికే ఉండెను. జత కట్టుటకు, లెక్క వేయుటకు యంత్రము చాలును; నిజమునకు నేడు అంగళ్లలోను ఆ పనులను యంత్రమే చేయుచున్నది. ఐనను 2021లో బల్లలు మరల పరచినపుడు ఆడువారు తిరిగి వచ్చిరి. ఎదురుగా కూర్చున్నవాని మొగము చూచుచు ఆడుట, ఆట ముగిసిన పిమ్మట "ఆ కార్డు ముందే వేసియుండిన నేనే ఓడియుందును" అని ఎదిరివానితో ముచ్చటించుట, ఇవి యంత్రము ఇయ్యజాలని లాభములు.

పాఠశాలలో కేరమ్ పోటీ జరుపవలసి వచ్చినను, గ్రామమున చదరంగపు పోటీ ఏర్పాటు చేయవలసి వచ్చినను ఈ సూత్రములే వర్తించును. చెప్పిన వేళకు మొదలిడుట, చెప్పిన బహుమానము ఇచ్చుట, ధనమునకు గాని స్నేహమునకు గాని లొంగక తీర్పు చెప్పుట, తప్పును దిద్ది మోసమును తొలగించుట, అన్నిటికంటె ముఖ్యముగా ఓడినవానిని ఇంటికి పంపక అతనికి మరియొక ఆట చూపుట — ఇవి మంచి నిర్వాహకుని లక్షణములు. గెలిచినవాడు ఒక్కడే. ఓడినవారు పలువురు. పోటీ నిలుచుట ఆ పలువురివలననే. కావున వారికి చోటు కల్పించుట దయ కాదు, న్యాయము.

ప్రశ్నలు

1. గంజిఫాకును మార్పిడి కార్డుల ఆటకును గల ముఖ్యమైన భేదమేమి?
2. పణము ఒడ్డు నియమము ఏల తొలగిపోయెను?
3. డ్రాఫ్టు పద్ధతి ధనికులను, పేదలను ఎట్లు సమానులను చేయును?
4. పదునార్గురు ఆడినచో నాకౌట్ పద్ధతిలో ఎన్ని పోరులు జరుగును? స్విస్ పద్ధతిలో నాలుగు విడతలకు ఎన్ని జరుగును? లెక్కించి చెప్పుము.
5. "ఓటమిని ఒప్పుకొనుట నియమ విరుద్ధము కాదు, ఓటమిని అమ్ముట విరుద్ధము." ఈ వాక్యమును వివరింపుము.
6. మీ పాఠశాలలో ఒక పోటీని నిర్వహింపవలసి వచ్చినచో ఏయే ఏర్పాట్లు చేయుదువో పదిహేను పంక్తులలో వ్రాయుము.